మంజీర ఎగువన, మన చేల నడుమ: విషంపై పోరాడినవారి చరిత్ర

దసరా సెలవులు ముగిసి పిల్లలు హాస్టల్‌కు తిరిగివచ్చే రోజు మాకు బాగా గుర్తుండే వాసనలు రెండు ఉంటాయి. ట్రంకుపెట్టె మూత తీయగానే యాడి చేసి పంపిన మక్కగారెల వాసన వస్తుంది. దాని కింద మడిచిపెట్టిన బట్టల్లోంచి పురుగుల మందు వాసన వస్తుంది. "సెలవుల్లో ఏం చేసిన్రు?" అని అడిగితే, "నాయిన మందు కొడుతుంటే నీళ్లు అందించినం మేడం" అంటారు. అందులో వింతేమీ లేనట్టు చెబుతారు. మేమూ చాలా ఏళ్లు అలాగే విన్నాం.

గాంధారి వైపు తాండా నుంచి వచ్చి మా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన ఒక అమ్మాయి ఆ ఏడు సెలవులైనా తిరిగి రాలేదు. కబురు పెడితే తెలిసింది. వాళ్ల నాయిన మధ్యాహ్నం ఎండలో పొలానికి మందు కొట్టి, సాయంత్రానికి వాంతులు చేసుకుని, నోట్లోంచి చొంగ కారుతూ, చూపు మసకబారి పడిపోయాడు. బండి మీద దవాఖానకు తీసుకుపోతే డాక్టరు మొదట అడిగిన మాట "ఏం మందు కొట్టిండు?" అని. ఇంట్లో ఎవరికీ పేరు తెలియదు. "తెల్ల డబ్బా, దుకాణమాయన ఇచ్చిండు" అన్నది తల్లి. ఆ డబ్బాను అప్పటికే కాలువలో కడిగి, కిరాయి నూనె పోసుకోవడానికి దాచిపెట్టారు. మనిషి బతికాడు గానీ పనికి మునుపటి సత్తువ రాలేదు. అమ్మాయి ఆరు నెలలు కూలికి పోయింది. ఆ కుటుంబం దగ్గర మిగిలిన చీటీ మీద "వాంతులు" అని మాత్రమే ఉంది. విషం అన్న మాట ఏ కాగితం మీదా లేదు.

ఈ వ్యాసం రాయడానికి ఆ చీటీయే కారణం. విష రసాయనాల మీద మన దేశంలో జరిగిన పోరాటాల చరిత్ర చదువుతుంటే మాకు ఒక విషయం పదేపదే కనిపించింది. ఎక్కడైతే మామూలు మనుషులు తమ ఊళ్లో ఏం జరుగుతున్నదో చూసి, లెక్కపెట్టి, రాసిపెట్టారో అక్కడికి చట్టం ఆలస్యంగానైనా వచ్చింది. ఎక్కడ రాయలేదో అక్కడ బాధ బాధగానే మిగిలింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి తాండాల పిల్లలు ఈ చరిత్ర తెలుసుకోవాలని మా కోరిక.

మందు మన చేలోకి ఎలా వచ్చింది

మన పెద్దలు లదేణి జాతివాళ్లు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగారు. రైళ్లు వచ్చాక ఆ బతుకుదెరువు పోయింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం మన జాతిపై మచ్చ వేసింది. తిరిగే కాళ్లు ఆగి, అడవి అంచున, గుట్టల కింద తాండాలు కట్టుకుని చెలకలు దున్నాం. అంటే వ్యవసాయం మనకు తాతలనాటి విద్య అయినా, తరతరాల విద్య కాదు. నేల మనకు చాలాచోట్ల రాళ్లదే దక్కింది. అందువల్ల దిగుబడి పెంచుతుందని ఎవరు ఏ డబ్బా చేతిలో పెట్టినా నమ్మాం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ వంటి రసాయనాలు ప్రపంచమంతటా పంటల్లోకి వచ్చాయి. దోమలను, పురుగులను చంపే గొప్ప మందుగా వాటిని పొగిడారు. 1962లో అమెరికాలో రేచెల్ కార్సన్ అనే జీవశాస్త్రవేత్త "సైలెంట్ స్ప్రింగ్" అనే పుస్తకం రాశారు. పురుగును చంపే మందు పురుగు దగ్గరే ఆగదని, పురుగును తిన్న పక్షిలోకి, నీటిలోకి, చేపలోకి, మనిషిలోకి చేరుతుందని ఆమె వివరంగా చూపించారు. కంపెనీలు ఆమెను ఎగతాళి చేశాయి. పదేళ్లకు, 1972లో, అమెరికా ప్రభుత్వం డీడీటీ వాడకాన్ని నిషేధించింది. మన దేశంలో పంటలకు డీడీటీ వాడకం 1989లో ఆగింది.

మన దేశంలో చట్టం రావడానికి ముందు ఒక ఘోరం జరిగింది. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుల మందు కలిసిన ఆహారం తిని వందమందికి పైగా చనిపోయారు. మందూ తిండి సరుకూ ఒకే చోట కలిపి రవాణా చేయడంతో ఒలికిన విషం తిండిలోకి చేరింది. దాని మీద విచారణ జరిగి, పదేళ్ల తర్వాత 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. 1971లో దాని నియమాలు వచ్చాయి. ఇవాళ డబ్బా మీద కనిపించే రంగుల గుర్తు ఆ నియమాల నుంచి వచ్చిందే. మూల మీద నిలబెట్టిన చతురస్రంలో కింది సగం త్రికోణంలా రంగు వేసి ఉంటుంది. ఎరుపు అంటే అత్యంత విషపూరితం. పసుపు అంటే చాలా విషపూరితం. నీలం అంటే మధ్యస్థం. ఆకుపచ్చ అంటే తక్కువ. ఆకుపచ్చ ఉన్నా అది మందే, నీళ్లు కాదు. డబ్బాతోపాటు ఇచ్చే కరపత్రంలో ప్రాంతీయ భాషలో జాగ్రత్తలు, విరుగుడు రాయాలని కూడా నియమం ఉంది. ఆ చతురస్రం వెనుక వందమందికి పైగా మనుషుల చావు ఉందని మేము తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు కొంతసేపు మాట్లాడలేదు.

మంజీర ఎగువన

నిజాంసాగర్ చూడని పిల్లలు మన దగ్గర తక్కువ. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు మంజీర నది మీద ఉంది. ఆ నీళ్లు మన దగ్గరికి వచ్చే ముందు ఎక్కడెక్కడ తిరిగి వస్తాయో మ్యాపులో వేలు పెట్టి చూడండి. కర్ణాటకలోని బీదర్ వైపు నుంచి తెలంగాణలోకి వచ్చి, సింగూరు దాటి, సంగారెడ్డి పక్కగా, మెదక్ మీదుగా నిజాంసాగర్‌కు చేరుతుంది. దారిలో సంగారెడ్డి వద్ద ఒక చిన్న వాగు దానిలో కలుస్తుంది. దాని పేరు నక్కవాగు.

నక్కవాగు పటాన్‌చెరు వైపు నుంచి వస్తుంది. 1970వ దశకంలో వెనుకబడిన జిల్లాకు ఉపాధి తేవాలని పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో పారిశ్రామిక వాడలు పెట్టారు. మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలు, రసాయన కంపెనీలు వచ్చాయి. ఉద్యోగాలు వచ్చాయి. వాటితోపాటు ఇసుకవాగు, నక్కవాగు రంగు మారింది. బావినీళ్లు తాగడానికి పనికిరాకుండా పోయాయి. వరి పొలాలు చచ్చిపోయాయి. చెరువుల్లో చేపలు తేలాయి. పశువులు చనిపోయాయి.

ఈ సంగతిని మొదట గట్టిగా చెప్పినవారిలో పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ ఎ. కిషన్‌రావు ఒకరు. పల్లెల నుంచి తన దగ్గరికి వచ్చే రోగులను చూస్తూ, ఏ జబ్బులు ఏ ఊళ్ల నుంచి ఎక్కువ వస్తున్నాయో ఆయన గమనించారు. గ్రామస్తులతో కలిసి ఊరేగింపులు తీశారు, అధికారులకు అర్జీలు పెట్టారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ పటాన్‌చెరు కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు వేసింది. కోర్టు జిల్లా జడ్జితో విచారణ చేయించింది. ఎవరి పొలం ఎంత పాడైందో లెక్క తీయించి రైతులకు పరిహారం ఇప్పించింది. కేసు 2001లో హైకోర్టుకు, ఆ తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయింది. 2017లో ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. కేసు వేసిన ఏడాది పుట్టిన పిల్లకు తీర్పు నాటికి 27 ఏళ్లు.

ఈ లోపల కంపెనీల వ్యర్థజలాన్ని ఒకచోట శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం కట్టారు. అది సరిపోతుందని అందరూ అనుకున్నారు. 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ అనే శాస్త్రవేత్త బృందం ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. జ్వరానికి, ఇన్‌ఫెక్షన్లకు ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్టు తేలింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. తక్కువ తక్కువగా మందు తగులుతూ ఉంటే సూక్ష్మజీవులు దానికి అలవాటుపడి మొండికేస్తాయి. అప్పుడు మనకు జ్వరం వచ్చి అదే మాత్ర వేసుకుంటే పనిచేయదు. వాగులో ఒలికిన మందు దవాఖానలో మందును నిర్వీర్యం చేస్తుందన్న సంగతిని ప్రపంచానికి చూపించిన చోట్లలో పటాన్‌చెరు ఒకటి.

తర్వాత ఆ శుద్ధి చేసిన నీటిని నక్కవాగులోకి కాకుండా పైపులైను ద్వారా హైదరాబాద్‌లోని అంబర్‌పేట కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. అక్కడి నుంచి పోయేది మూసీలోకి. మంజీర వైపు ఊళ్లకు కొంత ఊరట దొరికింది. మూసీ దిగువ ఊళ్లవాళ్లకు ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. ఎగువవాడు వదిలింది దిగువవాడి ఇంటికి చేరుతుంది. ఈ నది మీద మనం దిగువవాళ్లం. అలాగని మన కాలువ దిగువన ఎవరూ లేరా? మన పొలం గట్టు మీద డబ్బా కడిగితే ఆ నీళ్లు ఇంకో తాండా చెరువుకు చేరతాయి. పటాన్‌చెరు కథ వినేటప్పుడు కంపెనీల వైపు వేలు చూపడం సులువు. మన కాలువ గట్టు మీద పడున్న ఖాళీ డబ్బాలు కూడా అదే కథలో ఒక చిన్న భాగం.

కాసరగోడు, యవత్మాల్

కేరళ ఉత్తరాన కాసరగోడు జిల్లాలో ప్రభుత్వ సంస్థకు చెందిన జీడి తోటలు ఉన్నాయి. 1970వ దశకం చివరి నుంచి 2000 దాకా ఆ తోటల మీద హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ చల్లారు. గుట్టల మీద పడిన మందు ఊటల్లోకి, బావుల్లోకి దిగింది. పద్రె అనే ఊళ్లో డాక్టర్ వై.ఎస్. మోహన్‌కుమార్ తన దగ్గరికి వచ్చే పిల్లల్లో బుద్ధిమాంద్యం, అవయవలోపాలు, మూర్ఛ, ఇంత చిన్న ఊరికి ఇంత ఎక్కువ ఎందుకున్నాయని ఇల్లిల్లూ చూసి రాసుకున్నారు. శ్రీపద్రె అనే విలేకరి పత్రికల్లో రాశారు. వ్యవసాయశాఖలో చిన్న ఉద్యోగి అయిన లీలాకుమారి అమ్మ 1998లో కోర్టుకు వెళ్లారు. పెద్ద సంస్థ మీద కేసు వేసిన ఆమెకు బెదిరింపులు వచ్చాయి. ఆమె వెనక్కి తగ్గలేదు.

2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్ తయారీ, అమ్మకం, వాడకం ఆపింది. అదే ఏడాది స్టాక్‌హోం ఒప్పందం కింద ప్రపంచ దేశాలు దాన్ని తొలగించాల్సిన విషాల జాబితాలో చేర్చాయి. 2017 జనవరిలో బాధితులు ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని కోర్టు కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ డబ్బు ఎవరికి ఇవ్వాలో ఎలా తెలిసింది? బాధితుల జాబితా ఉంది కాబట్టి తెలిసింది. జాబితా లేని ఊళ్లో ఏ కోర్టు ఎవరికి ఇప్పించగలదు?

ఇక మనకు దగ్గరి సంగతి. పోహ్రాదేవి జాతరకు పోయినవాళ్లకు వాషిం జిల్లా తెలుసు. దాని పక్కనే యవత్మాల్ ఉంది. మన గోర్‌మాటీలు వేలాదిగా ఉండే పత్తి జిల్లా అది. 2017 వానాకాలంలో అక్కడ పత్తి మనిషి ఎత్తు పెరిగింది. పురుగు ఎక్కువైందని రెండు మూడు రకాల మందులు కలిపి కొట్టారు. ఎత్తు చెట్ల నడుమ ఉక్కపోతలో, ముఖానికి రుమాలు తప్ప ఏమీ లేకుండా రోజంతా కొట్టినవాళ్ల మీదికే మందు తుంపర తిరిగివచ్చింది. వందలమంది దవాఖానల పాలయ్యారు. 20 మంది వరకు చనిపోయారు. అందులో సొంత చేను ఉన్న రైతులూ ఉన్నారు, ఆ రోజు కూలికి వచ్చిన మనుషులూ ఉన్నారు.

యవత్మాల్ వార్త రాష్ట్రాన్ని కదిలించడానికి కారణం ఒకటే. అందరూ ఒకే జిల్లా దవాఖానకు చేరారు, ఒకే రకం జబ్బుగా నమోదయ్యారు, లెక్క కనిపించింది. మన దగ్గర ఒకరు గాంధారిలో, ఒకరు లింగంపేటలో, ఒకరు ఆర్‌ఎంపీ దగ్గర, ఒకరు ఇంట్లోనే మజ్జిగ తాగి పడుకుని కోలుకుంటారు. లెక్క ఎక్కడా చేరదు. మందు తగిలినవాడు మన దగ్గర లేడన్నట్టే ఉంటుంది.

పునుకుల ఆడవాళ్లు

"మందు కొట్టకపోతే పంట ఎట్లొస్తది మేడం?" పిల్లలు అడిగే ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు మన తెలంగాణలోనే ఉంది.

1980వ దశకం చివర్లో తెలంగాణ చెలకల్లో ఎర్ర గొంగళిపురుగు ఆముదం పంటను తుడిచిపెట్టేది. ఎన్ని మందులు కొట్టినా ఒళ్లంతా వెంట్రుకలున్న ఆ పురుగు చచ్చేది కాదు. సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అనే సంస్థ, డాక్టర్ ఎం.ఎస్. చారి వంటి శాస్త్రవేత్తలు రైతులతో కలిసి పురుగు జీవితచక్రాన్ని గమనించారు. తొలకరి వానలకు భూమిలోంచి రెక్కల పురుగులు బయటికి వస్తాయి. అవి దీపానికి, మంటకు ఆకర్షితమవుతాయి. ఆ రాత్రుల్లో ఊరంతా ఒక్కసారే గట్ల మీద మంటలు వేస్తే గుడ్లు పెట్టకముందే చచ్చిపోతాయి. ఒక్కరు వేస్తే లాభం లేదు, ఊరంతా వేయాలి. మందులు లేని సస్యరక్షణ అన్న ఆలోచన తెలంగాణలో ఇలా బలపడింది.

ఆ తర్వాత పేరు మోగిన ఊరు పునుకుల. అప్పటి ఖమ్మం జిల్లా, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పాల్వంచ మండలంలోని చిన్న పత్తి గ్రామం అది. పురుగుల మందు అప్పుల్లో ఆ ఊరు మునిగిపోయి ఉండేది. మందులు అమ్మే దుకాణమాయనే అప్పు ఇచ్చేవాడు, పంట కొనేవాడు. మందు తగిలి పడిపోవడం, ఆ మందే తాగి చనిపోవడం రెండూ ఆ ఊరు చూసింది. 1999లో స్థానిక స్వచ్ఛంద సంస్థ సాయంతో కొద్దిమంది రైతులు వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, ఎర పంటలు, పక్షిస్థావరాలు మొదలుపెట్టారు. ముందు నవ్వినవాళ్లే తర్వాత లెక్క చూశారు. మందు ఖర్చు పోయింది, పంట నిలిచింది. మహిళా సంఘాల ఆడవాళ్లు దీన్ని తమ పనిగా తీసుకున్నారు. వేపగింజలు సేకరించి, పొడి చేసే యంత్రం తెచ్చుకున్నారు. 2003 నాటికి పునుకుల తనను తాను పురుగుమందులు లేని గ్రామంగా ప్రకటించుకుంది.

దాన్ని చూసి పక్కఊరు పుల్లాయిగూడెం కదిలింది. గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఈ పద్ధతిని మహిళా సంఘాల ద్వారా ఉమ్మడి రాష్ట్రంలో వేల ఊళ్లకు తీసుకుపోయింది. ఇప్పటి జనగామ జిల్లా లింగాలఘణపురం మండలంలోని ఏనెబావి 2006లో ఎరువులు కూడా మానేసి పూర్తి సేంద్రియ గ్రామంగా నిలిచింది.

పునుకుల కథలో మేము గమనించింది ఏమిటంటే, మందు మానడానికి ముందు ఆ రైతులు లెక్క రాశారు. ఎకరానికి మందుకు ఎంత, వేప కషాయానికి ఎంత, దిగుబడి ఎంత అని. దుకాణమాయన మాటకు ఎదురుగా నిలబడిన సాక్ష్యం ఆ లెక్కే. అన్ని ఊళ్లూ అలాగే నిలిచాయని మేము అనడం లేదు. కూలీలు దొరకని చోట, కలుపు తీసే చేతులు లేని చోట గడ్డిమందు వైపు మళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. మన జిల్లాలోనూ మక్కలో, వరి గట్ల మీద గడ్డిమందు వాడకం కళ్ల ముందే పెరిగింది. అందులో పారాక్వాట్ ఒకటి. దాని డబ్బా మీద పసుపు త్రికోణం ఉంటుంది. ఎరుపు కాదు కదా అని తేలిగ్గా తీసుకోకండి. అది కడుపులోకి పోతే విరుగుడు లేదు. మొదటి రోజు బాగానే మాట్లాడిన మనిషి ఊపిరితిత్తులు దెబ్బతిని రోజుల తర్వాత చనిపోతాడు.

2013 జూలై, మా స్టోర్ రూమ్

2013 జూలై 16న బీహార్‌లోని సారన్ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుల మందు కలిసింది. వంటమనిషి నూనె వాసన తేడాగా ఉందని చెప్పినా ఎవరూ పట్టించుకోలేదని తర్వాత పత్రికల్లో చదివాం.

ఆ వార్త విన్న రాత్రి మాకు నిద్రపట్టలేదు. తెల్లారి స్టోర్ రూమ్ తాళం తీసి ప్రతి డబ్బా వాసన చూశాం. నూనె, పప్పు, కారం, అన్నీ బాగానే ఉన్నాయి. స్నానాల గదుల దగ్గరికి పోయాం. నీళ్లు ముంచుకునే తెల్లని ప్లాస్టిక్ డబ్బా ఒకటి పైభాగం కోసి పెట్టి ఉంది. తిప్పి చూస్తే చెరిగిపోయిన లేబుల్, దాని మీద ఎర్ర త్రికోణం. ఎవరు తెచ్చారో ఎవరికీ తెలియదు. ఎన్నాళ్ల నుంచి ఉందో తెలియదు. పిల్లలు దానితో ముఖం కడుక్కున్నారు. మేము రోజూ ఆ పక్క నుంచే నడిచాం. తప్పు ఎక్కడో బీహార్‌లో జరిగిందని అనుకోవడానికి మాకు ఇక వీలు లేకపోయింది.

మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని మన ప్రభుత్వం 2005లోనే చెప్పింది. మిగతా పంటలకు అమ్మకం సాగింది. 23 మంది పిల్లలు పోయిన పదేళ్లకు, 2023లో, ఎక్కువగా అమ్ముడయ్యే దాని 36 శాతం ద్రావణాన్ని ఏడాది గడువుతో ఆపాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. చట్టం ఎంత నిదానంగా నడుస్తుందో ఈ తేదీలే చెబుతాయి. ఆ నిదానంలో పిల్లలను కాపాడుకోవాల్సింది ఇంట్లోవాళ్లు, హాస్టల్‌వాళ్లు, తాండావాళ్లు.

మన రిజిస్టరు

ఆ ఏడు నుంచి మా హాస్టల్‌లో ఒక నోటుబుక్కు ఉంది. సెలవులకు పోయే ప్రతి పిల్లకు ఒక పని చెబుతాం. ఇంట్లో ఉన్న మందు డబ్బా పేరు, దాని మీద త్రికోణం రంగు, ఏ పంటకు వాడారు, ఎన్నిసార్లు, కొట్టినవాళ్లకు తల తిరగడం, వాంతులు, కళ్ల మంట ఏమైనా వచ్చాయా అన్నది రాసుకురావాలి. డబ్బాను చేత్తో ముట్టకుండా, దూరం నుంచి చదివి రాయాలి. మొదట్లో పిల్లలు పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు పోటీపడి రాస్తున్నారు. ఒక అమ్మాయి తన చిన్నాన్నకు మందు తగిలితే డబ్బా కవర్‌లో పెట్టి దవాఖానకు పంపించింది. డాక్టరు ప్రశ్న అడగకముందే జవాబు ఆయన బల్ల మీద ఉంది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు డిగ్రీలు చదువుతున్నారు, ఫోన్లు వాడుతున్నారు. మన తాండాలు చాలావరకు 2018 చట్టంతో సొంత పంచాయతీలయ్యాయి. ఒకప్పుడు పక్కఊరి సర్పంచ్ దయ మీద ఉన్న మాట ఇప్పుడు మన గ్రామసభలో మనమే తీర్మానం చేసుకోవచ్చు. మేము అడిగేవి పెద్ద పనులు కావు. మందు కొనేటప్పుడు బిల్లు అడగండి, ఆ బిల్లు దాచండి. డబ్బాను నూనెకు, నీళ్లకు వాడకండి. కాలువలో కడగకండి. ఎండలో, ఎదురుగాలిలో మందు కొట్టనివ్వకండి. కొట్టి వచ్చిన నాయినను స్నానం చేయకుండా చిన్నపిల్లలను ఎత్తుకోనివ్వకండి. ఎవరికైనా తగిలితే తడిసిన బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడిగి, డబ్బాతో సహా దవాఖానకు తీసుకుపొండి. దవాఖాన చీటీ మీద మందు పేరు రాయమని మర్యాదగా అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, తాండాకు ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, మనిషి, మందు పేరు, ఏమైంది అనే నాలుగు గడులు చాలు.

మన జాతి చరిత్రను మన భాట్లు, డాడీలు పాటల్లో నిలబెట్టారు. ఏ గోత్రం ఎవరిదో, ఏ తాండా ఎక్కడి నుంచి కదిలిందో కాగితం లేకుండానే తరతరాలు గుర్తుంచుకున్నాం. కానీ కోర్టులో, కలెక్టరు కార్యాలయంలో, దవాఖానలో పాట చెల్లదు. పటాన్‌చెరులో, కాసరగోడులో, పునుకులలో మనలాంటి మామూలు మనుషులే రాసిపెట్టారు. ఈ రాత పని మన తరానిది.

శ్రావణంలో తీజ్ వస్తుంది. మన ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. ఆ మొలక ఏపుగా వస్తే తాండా చల్లగా ఉంటుందని పెద్దలు నమ్ముతారు. ఆ నీళ్లు ఏ బావి నుంచి, ఏ వాగు నుంచి తెస్తున్నారో, ఆ బావి గట్టు మీద ఏ డబ్బా పడి ఉందో ఈసారి ఒకసారి చూడండి. చూసింది రాయండి.

జై సేవాలాల్.